ప్రశ్నలు – జవాబులు: భూమి ఎంత వేగంగా వేడెక్కుతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం భూతాపం గురించే. వేడి పెరుగుతోందా లేదా అని అడిగినవారి కంటే, ఎంత వేగంగా పెరుగుతోంది, ఆ విషయంలో ఇన్ని రకాల మాటలు ఎందుకు వినిపిస్తున్నాయి అని అడిగినవారే ఎక్కువ. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: భూమి సగటు ఉష్ణోగ్రత దశాబ్దానికి 0.06 డిగ్రీలే పెరుగుతోందని మా అన్నయ్య అంటాడు. 0.2 డిగ్రీలని నేను చదివాను. ఈమధ్య ఒక వ్యాసంలో 0.27 అని రాశారు. మూడింటికీ పేరున్న సంస్థల ఆధారాలే చూపిస్తున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: మూడూ సరైన అంకెలే, కానీ మూడూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా లెక్క ప్రకారం 1850 నుంచి ఇప్పటి దాకా మొత్తం కాలానికి సగటు కడితే దశాబ్దానికి 0.06 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. అదే సంస్థ 1982 నుంచి లెక్క మొదలుపెడితే 0.20 వస్తుంది. బొగ్గు వాడకం ఇంకా పరిమితంగా ఉన్న పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాలు, సగటు ఉష్ణోగ్రత పెద్దగా పెరగని 1940–1970 మధ్యకాలం కూడా మొదటి అంకెలో కలిసి ఉన్నాయి. అందువల్ల అది గడిచిన నూట డెబ్భై అయిదేళ్ల సగటును చెబుతుందే తప్ప ఇప్పటి వేగాన్ని చెప్పదు. మీ అన్నయ్యగారి అంకెలో తప్పు లేదు, దాన్ని ఈనాటి వేగంగా చెప్పడంలోనే పొరపాటు ఉంది.

ఇక 0.27 అనేది లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పియర్స్ ఫోర్‌స్టర్ నాయకత్వాన అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఏటా వెలువరించే నివేదికలోది. 2015–2024 దశాబ్దానికి వారు కట్టిన అంచనా అది. థర్మామీటర్లు చూపిన మొత్తం పెరుగుదలను కాకుండా, పసిఫిక్ మహాసముద్రపు ఉపరితలం అప్పుడప్పుడు వేడెక్కే ఎల్‌నినో వంటి సహజమైన ఒడుదొడుకులను పక్కకు తీసి, మనుషుల చర్యల వల్ల కలిగిన పెరుగుదలను మాత్రమే వారు లెక్కించారు. వేగం గురించి ఎవరు ఏ అంకె చెప్పినా, అది ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, దేనికి సంబంధించినది అని వెంటనే అడగండి. ఈ విషయం మీద జరిగే వాదనల్లో చాలా భాగం ఆ రెండు వివరాలూ చెప్పకపోవడం వల్ల పుట్టినవే.

దశాబ్దానికి 0.2 డిగ్రీలంటే చాలా తక్కువ అనిపిస్తుందని మరో పాఠకురాలు రాశారు. దాన్ని భూమి చరిత్ర పక్కన పెట్టి చూడాలి. సుమారు 21 వేల ఏళ్ల క్రితం, గత మంచుయుగం తీవ్రంగా ఉన్న రోజుల్లో, భూగోళం సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్నదాని కంటే 5 నుంచి 7 డిగ్రీలు తక్కువని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం ఐపీసీసీ అంచనా. ఖండాల మీద పేరుకున్న మంచు పలకలు కరిగి భూమి ఆ చలిలో నుంచి బయటపడటానికి దాదాపు పదివేల ఏళ్లు పట్టింది. మధ్యలో కొన్నిసార్లు వేగం పెరిగినా, సగటున శతాబ్దానికి డిగ్రీలో పదో వంతు కూడా పెరగలేదన్నమాట. ఇప్పటి వేగం శతాబ్దానికి రెండు డిగ్రీలు. పైగా ఈ సగటు అందరికీ సమానంగా పంచిన వేడి కాదు. 1850–1900తో పోలిస్తే 2011–2020లో భూగోళం మొత్తం 1.09 డిగ్రీలు వేడెక్కగా, నేల ఒక్కటే చూస్తే 1.59, సముద్రం ఒక్కటే చూస్తే 0.88 డిగ్రీలు వేడెక్కాయి. ఉత్తర ధ్రువ ప్రాంతమైతే 1979 నుంచి ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతోందని 2022లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మనుషులంతా ఉండేది నేల మీదే కనుక, సగటు అంకె మన అనుభవాన్ని తక్కువ చేసి చూపుతుంది.

ప్రశ్న: పాత ఉష్ణోగ్రతల రికార్డులను శాస్త్రవేత్తలే ‘సవరించారు’ అని వారే ఒప్పుకుంటున్నారు. ఒకసారి రాసిన కొలతను మార్చడం అంటే దిద్దుబాటు పేరుతో చేసే మోసం కాదా?

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. కొలతలను ఎవరు ముట్టుకున్నా ఎందుకు ముట్టుకున్నారో అడగాల్సిందే. అయితే ఆ సవరణలు ఏమిటో దగ్గరగా చూస్తే అనుమానానికి తావు తగ్గుతుంది.

సముద్రపు నీటినే తీసుకోండి. పాతకాలపు ఓడల్లో నావికుడు తాడు కట్టిన బకెట్‌ను సముద్రంలోకి వదిలి, నీటిని పైకి లాగి, అందులో థర్మామీటర్ ముంచి కొలత రాసుకునేవాడు. ఆ బకెట్లు చాలా వరకు కాన్వాస్ గుడ్డతో చేసినవి. డెక్ మీదికి చేరేలోగానే గాలి తగిలి, తడి గుడ్డ నుంచి నీరు ఆవిరై, లోపలి నీరు చల్లబడేది. అందువల్ల డిగ్రీలో కొన్ని పదో వంతుల మేరకు కొలత తక్కువ వచ్చేది. తరవాత ఇంజన్‌ను చల్లబరచడానికి ఓడ లోపలికి తీసుకునే నీటిని కొలవడం మొదలైంది. ఇంజన్ గది వేడి తగలడం వల్ల ఆ కొలత కాస్త ఎక్కువ వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంజన్ నీటిని కొలిచే అమెరికన్ ఓడల వాటా పెరిగింది. యుద్ధం ముగిశాక బకెట్లు వాడే బ్రిటిష్ ఓడల కొలతలు మళ్లీ పెరిగాయి. దానితో 1945లో సముద్రం హఠాత్తుగా చల్లబడ్డట్టు రికార్డుల్లో కనిపించింది. చల్లబడింది నీరు కాదనీ, మారింది కొలిచే పద్ధతేననీ 2008లో డేవిడ్ థాంప్సన్ బృందం చూపింది. ఇప్పుడు నీటి మీద తేలుతూ వాటంతట అవే కొలిచే పరికరాలు వచ్చాయి. ఓడల ఇంజన్ నీటి కొలతల కంటే వీటి కొలతలు సుమారు 0.12 డిగ్రీలు తక్కువగా ఉంటాయి.

ఇన్ని రకాల కొలతలను సవరించకుండా పక్కపక్కనే పెట్టి గీత గీస్తేనే అది తప్పుడు లెక్క అవుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. పాత బకెట్ కొలతలను పైకి సవరించడం వల్ల గతం కాస్త వెచ్చబడి, అప్పటికీ ఇప్పటికీ మధ్య తేడా తగ్గింది. నేల మీది సవరణలు పెరుగుదలను కొంత ఎక్కువ చేసినా, సముద్రాన్నీ కలిపి చూస్తే మొత్తం సవరణల ఫలితం శతాబ్దకాలపు తాపాన్ని తగ్గించడమే. వేడిని ఎక్కువ చేసి చూపాలనుకున్నవారు ఈ దిశగా సవరించరు.

ఈ అనుమానాన్నే పట్టుకుని కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ 2010లో సొంత ప్రాజెక్టు మొదలుపెట్టారు. అప్పటికున్న లెక్కల మీద ఆయనకు నమ్మకం లేదు. శిలాజ ఇంధనాల వ్యాపారంలో ఉన్న చార్ల్స్ కోక్ ఫౌండేషన్ కూడా ఆయనకు నిధులు ఇచ్చినవారిలో ఉంది. ముప్పై వేలకు పైగా వాతావరణ కేంద్రాల రికార్డులను తీసుకుని, నగరాల కాంక్రీటు వేడి ఈ అంకెలను పెంచుతోందేమో అని ప్రత్యేకంగా పరీక్షించారు. చివరికి వచ్చిన గీత, తాను శంకించిన సంస్థల గీతలతోనే సరిపోయింది. 2012లో ఆయన ఆ విషయాన్ని పత్రికాముఖంగా చెప్పి, పెరుగుదలకు దాదాపు పూర్తి కారణం మనుషులేనని రాశారు. శంకించినవాడు తన శంకను ఇంత శ్రమపడి పరీక్షించుకుని, ఫలితాన్ని దాచకుండా చెప్పడం ఈ చర్చ మొత్తంలో నేను అత్యంత గౌరవించే ఘట్టం.

ప్రశ్న: ఉపగ్రహాల కొలతల్లో వేడి తక్కువగా కనిపిస్తోందంటారు. నేల మీది థర్మామీటర్ల కంటే ఉపగ్రహం నమ్మదగింది కాదా?

జవాబు: ఉపగ్రహంలో థర్మామీటర్ ఉండదు. గాలిలోని ఆక్సిజన్ అణువులు వెలువరించే మైక్రోవేవ్ కిరణాలను అది పట్టుకుంటుంది. వాటి తీవ్రతను బట్టి అనేక మెట్ల లెక్కలు వేసి, కొన్ని కిలోమీటర్ల మందం ఉన్న గాలి పొర ఉష్ణోగ్రతను అంచనా కడతారు. మనం నిలబడే నేల దగ్గరి వేడి అది కాదు. సవరణల అవసరం కూడా దీనికే ఎక్కువ. హంట్స్‌విల్‌లోని అలబామా విశ్వవిద్యాలయంలో జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ తయారుచేసిన ఉపగ్రహ లెక్క 1990లలో దాదాపు ఎలాంటి తాపాన్నీ చూపలేదు. ఉపగ్రహాలు మెల్లగా కిందికి జారుతున్న సంగతిని అది పట్టించుకోలేదని 1998లో తేలింది. ఉపగ్రహం ఒక చోటి మీదుగా వెళ్లే సమయం ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది కదా, దానికి చేసిన సవరణలో మరో పొరపాటు 2005లో బయటపడింది. రెండూ సరిచేశాక ఆ లెక్క కూడా వేడినే చూపుతోంది. 1979 నుంచి దశాబ్దానికి సుమారు 0.15 డిగ్రీలని వారి అంచనా. అవే ఉపగ్రహాల సమాచారంతో ఆర్‌ఎస్‌ఎస్ అనే మరో బృందం 0.2కు పైగా చెబుతోంది.

ప్రశ్న: 1998 తరవాత పదిహేనేళ్ల పాటు భూతాపం ఆగిపోయిందని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది. అది అబద్ధమా?

జవాబు: అబద్ధం కాదు, కానీ దాని నుంచి తీసిన ముగింపు తప్పు. 1998–2012 మధ్య నేల, సముద్ర ఉపరితలాల సగటు పెరుగుదల దశాబ్దానికి 0.05 డిగ్రీలకు తగ్గిందని ఐపీసీసీ 2013 నివేదికలోనే రాసింది. అయితే పదిహేనేళ్ల గీత ఏ సంవత్సరంతో మొదలవుతుందన్న దాన్ని బట్టి ఎంతో మారిపోతుందని కూడా అదే నివేదిక హెచ్చరించింది. 1998లో బలమైన ఎల్‌నినో వచ్చింది. పసిఫిక్ మహాసముద్రం లోపలి వేడి పైకి వచ్చి, ఆ ఏడాది సగటు అసాధారణంగా ఎగిసింది. శిఖరం మీద నిలబడి కొలవడం మొదలుపెడితే తరవాతి దారంతా పల్లంగానే కనిపిస్తుంది.

పైగా ఉపరితలం నెమ్మదించిన ఆ ఏళ్లలోనూ భూమి వేడిని కూడబెట్టుకోవడం మానలేదు. అదనంగా చేరుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోతుంది. ఆర్గో పేరుతో సుమారు నాలుగు వేల పరికరాలు ప్రపంచ సముద్రాల్లో తిరుగుతున్నాయి. ఒక్కొక్కటి వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కదులుతూ, పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల లోతుకు దిగి, అక్కడి నుంచి పైకి వస్తూ దారి పొడవునా ఉష్ణోగ్రతనూ ఉప్పదనాన్నీ కొలుస్తుంది. పైకి తేలాక ఆ కొలతలను ఉపగ్రహానికి పంపి మళ్లీ మునుగుతుంది. ‘విరామం’ గురించి పత్రికల్లో చర్చ సాగుతున్న రోజుల్లోనే అవి సముద్రపు లోతులు వేడెక్కుతున్న సంగతిని నమోదు చేశాయి. ఆ తరవాత 2014, 2015, 2016 వరసగా ఒకదాని రికార్డును మరొకటి దాటాయి. 2024 ముగిసేనాటికి, 2015 నుంచి అప్పటిదాకా గడిచిన పదేళ్లూ కొలతలు మొదలైన నాటి నుంచి అత్యంత వేడి పదేళ్లుగా నిలిచాయి.

ప్రశ్న: అంతా సూర్యుడి ప్రభావమే అంటే కాదనగలమా?

జవాబు: కాదనగలం. 1978 నుంచి సూర్యుడి శక్తిని ఉపగ్రహాలు నేరుగా కొలుస్తున్నాయి. పదకొండేళ్ల చక్రంలో అది పెరుగుతూ తగ్గుతూ ఉంది తప్ప, భూమి వేడెక్కిన ఈ కాలమంతటా పైకి పోయిన ధోరణి లేదు. సూర్యుడే కారణమైతే పై వాతావరణ పొర అయిన స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే కింది పొర వేడెక్కి పై పొర చల్లబడుతుందని స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే లెక్కగట్టి చెప్పారు.

ప్రశ్న: వేడెక్కే వేగం ఈమధ్య ఇంకా పెరిగిందని కొందరు, లేదని కొందరు శాస్త్రవేత్తలే వాదించుకుంటున్నారు. నిపుణులకే స్పష్టత లేనప్పుడు మామూలు మనుషులు ఏం తేల్చుకోవాలి?

జవాబు: ఈ వాదన నిజంగానే ఉంది, దాన్ని దాచాల్సిన అవసరం లేదు. కానీ అది దేని గురించో స్పష్టంగా తెలుసుకోవాలి. 1988లో అమెరికా సెనేట్ కమిటీ ముందు భూతాపం గురించి సాక్ష్యమిచ్చిన జేమ్స్ హాన్సెన్, 2010 తరవాత వేగం కనీసం దశాబ్దానికి 0.27 డిగ్రీలకు పెరుగుతుందని 2023లో ఒక పరిశోధనా పత్రంలో వాదించారు. ఆయన చూపే ముఖ్య కారణం గంధకం. ఇంధనాల్లోని గంధకం మండితే గాలిలో సన్నని తుంపరలు ఏర్పడి సూర్యరశ్మిని కొంత వెనక్కి తిప్పికొడతాయి. మనుషుల ఊపిరితిత్తులకు హాని చేసే ఆ కాలుష్యమే ఇన్నాళ్లూ భూతాపాన్ని కొంత కప్పిపుచ్చింది. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గాలని అంతర్జాతీయ నిబంధన వచ్చింది. చైనా కూడా తన కర్మాగారాల గంధకాన్ని బాగా తగ్గించింది. ముసుగు తొలగడంతో అసలు వేడి బయటపడుతోందన్నది హాన్సెన్ వాదన.

అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త మైకేల్ మాన్ దీన్ని ఒప్పుకోరు. ఇప్పటిదాకా వాతావరణపు కంప్యూటర్ నమూనాలు చెప్పిన స్థిరమైన వేగంతోనే భూమి వేడెక్కుతోందని, అదే తగినంత ప్రమాదకరమని ఆయన అభిప్రాయం. క్లోడీ బోల్యూ బృందం 2024లో గణాంకాలు పరీక్షించి, 1970లలో వచ్చిన మలుపు తరవాత మరో మలుపు వచ్చిందని చెప్పడానికి 2023 వరకున్న ఉపరితల కొలతలు చాలవని తేల్చింది. వేగం పెరగలేదని ఆ పత్రం అనలేదు. ఏటేటా వచ్చే ఒడుదొడుకుల మధ్య ఆ పెరుగుదల ఇంకా స్పష్టంగా విడివడలేదని మాత్రమే అన్నది. మరోవైపు, భూమికి వచ్చే శక్తికీ భూమి నుంచి తిరిగిపోయే శక్తికీ మధ్య తేడా 2005–2019 మధ్య దాదాపు రెట్టింపు అయిందని ఉపగ్రహాలూ సముద్రపు పరికరాలూ విడివిడిగా చూపాయి. ఈ రెంటినీ కలిపి చూస్తే వేగం పెరుగుతోందన్న వాదనే నాకు బలంగా కనిపిస్తోంది. ఎంత పెరిగిందన్నది మాత్రం ఇంకా తేలాలి.

ఇక్కడ ఇరుపక్షాల మధ్య ఉన్న దూరాన్ని గమనించండి. ఒకరు దశాబ్దానికి 0.2 అంటే మరొకరు 0.3 అంటున్నారు. సున్నా అని ఎవరూ అనడం లేదు. శాస్త్రవేత్తల మధ్య ఉన్న ఈ చర్చను పట్టుకెళ్లి, అసలు వేడెక్కుతోందా అన్న చర్చలో సాక్ష్యంగా చూపడం అన్యాయం.

ప్రశ్న: 2024లోనే 1.5 డిగ్రీల హద్దు దాటాం కదా, ఇక పారిస్ ఒప్పందం ముగిసినట్లేనా?

జవాబు: ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో 2024 సగటు పారిశ్రామిక యుగానికి ముందున్నదాని కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. భూతాపాన్ని అదుపు చేయడానికి ప్రపంచ దేశాలు చేసుకున్న ఆ ఒప్పందంలోని హద్దును మాత్రం ఒక ఏడాదితో కాకుండా దీర్ఘకాలపు సగటుతో చూస్తారు. ఆ సగటు ఇంకా 1.5కు చేరలేదు, కానీ ఇదే వేగం సాగితే ఎంతో కాలం పట్టదు.

ప్రశ్న: ఇంత సాక్ష్యం ఉన్నా జనంలో ఏకాభిప్రాయం ఎందుకు లేదు? చదువు పెరిగితే ఈ తగాదా తీరుతుందా?

జవాబు: చదువు ఒక్కటే తీర్చదు. 2012లో డాన్ కహాన్ బృందం అమెరికాలో జరిపిన అధ్యయనంలో, విజ్ఞాన శాస్త్రం, లెక్కలు బాగా తెలిసినవారి మధ్యే భూతాపం మీద చీలిక ఎక్కువగా కనిపించింది. తెలివి ఉన్నవారు తాము ముందే నమ్మినదాన్ని సమర్థించుకోవడానికి ఆ తెలివిని వాడుకుంటున్నారు. అభిప్రాయం ఒకసారి రాజకీయ పక్షానికి గుర్తుగా మారితే, దాన్ని మార్చుకోవడమంటే తనవాళ్లను వదులుకోవడమే అవుతుంది. బొగ్గు, చమురు మీద బతుకుతున్న కుటుంబాలకు ఈ అంకెల వెనుక తమ ఉపాధి కనిపిస్తుంది. ఆ భయాన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం తప్పు.

సందేహం కొత్తది కూడా కాదు. 1938లో గై కలెండర్ అనే బ్రిటిష్ ఆవిరి ఇంజనీరు 147 వాతావరణ కేంద్రాల రికార్డులను చేత్తో లెక్కగట్టి, గత యాభై ఏళ్లలో నేల దాదాపు 0.3 డిగ్రీలు వేడెక్కిందని, అందుకు కార్బన్ డయాక్సైడ్ ఒక కారణమని రాశారు. నాటి వాతావరణ శాస్త్రవేత్తలు ఆయన మాటను నమ్మలేదు. వారి సందేహం ఆధారాల మీద నిలబడింది కనుక, ఆధారాలు పెరిగేకొద్దీ తగ్గింది.

అయితే జనం మధ్య చీలిక మనం అనుకున్నంత పెద్దది కాదన్న సంగతి కూడా చెప్పాలి. 125 దేశాల్లో సుమారు లక్షా ముప్పై వేల మందిని అడిగి 2024లో ప్రచురించిన ఒక సర్వేలో, భూతాపాన్ని ఎదుర్కోవడానికి తమ నెలసరి ఆదాయంలో ఒక శాతం ఇవ్వడానికి సిద్ధమని 69 శాతం మంది చెప్పారు. మీ దేశంలో ఇలా ఎంతమంది ఇస్తారని అడిగితే మాత్రం, సగటున 43 శాతం మందే ఇస్తారని అనుకున్నారు. పక్కవారికి పట్టదేమో అనుకుని ప్రతి ఒక్కరూ మౌనంగా ఉండిపోతుంటే, బిగ్గరగా మాట్లాడే కొద్దిమందిదే జనాభిప్రాయంలా వినిపిస్తుంది.

ప్రశ్న: రేపు ఏదైనా ఒక ఏడాది చల్లగా ఉంటే మీరు మీ మాట మార్చుకుంటారా? ఏ సాక్ష్యం వస్తే మార్చుకుంటారు?

జవాబు: ఒక ఏడాది చల్లబడితే మార్చుకోను. పసిఫిక్ ఉపరితలం చల్లబడే లానినా వచ్చిన ఏడాది అంతకు ముందు ఎల్‌నినో ఏడాది కంటే చల్లగా ఉండటం మామూలే. 1991లో పినటుబో అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ప్రపంచ సగటు సుమారు అర డిగ్రీ పడిపోయింది, రెండు మూడేళ్లలో మళ్లీ పైకి వచ్చింది. అయితే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉండగా, పెద్ద అగ్నిపర్వతమేదీ పేలకుండానే, ఇరవై ముప్పై ఏళ్ల గీత చదునుగా మారి, దానితో పాటు ఆర్గో పరికరాలు సముద్రం వేడి కూడబెట్టడం మానేసిందని చూపితే, అప్పుడు నా అవగాహనలో పెద్ద లోపం ఉందని ఒప్పుకుంటాను. వేడి పెరగడం లేదనే మిత్రులను కూడా ఇదే ప్రశ్న అడగండి: ఏ కొలత, ఎన్నేళ్ల పాటు, ఎలా ఉంటే వారు తమ మాట మార్చుకుంటారో ముందే చెప్పమనండి.